నిలువుగా పట్టుకుని, ఒకే ఒక్క చుక్క

నేను రిటైరయ్యాను. నా వయసు ముప్పై ఆరు. ఈ రెండు మాటలూ పక్కపక్కన చెబితే తెనాలిలో ఎవరూ నమ్మరు. "ఉద్యోగం పోయిందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. పోలేదు. బాపట్ల, రేపల్లె, తెనాలి మూడు ఊళ్ళలో కలిపి పద్నాలుగేళ్ళు మెడికల్ షాపు కౌంటరు వెనక నిలబడి, నా అంతట నేనే కౌంటరు ఇవతలికి వచ్చాను. సన్మానం జరగలేదు. శాలువా బదులు ఓనరు గారు ఒక గోడగడియారం ఇచ్చారు. దాని మీద కడుపులో మంట మందు పేరు ఉంది. మా ఇంట్లో టైము చూసినవాళ్ళందరికీ కొంచెం త్రేన్పు వస్తుంది.

కొత్తగా డి.ఫార్మసీ ముగించి షాపుల్లో చేరుతున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు అప్పుడప్పుడూ "మీ అనుభవం చెప్పండన్నా" అంటుంటారు. లైసెన్సుల సంగతి, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నిలబడవలసిన భంగిమ, ఇలాంటివి చెప్పడానికి నాకంటే అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది చుక్కలు. పసిపిల్లలకు వేసే విటమిన్ చుక్కలు. అందుకని చుక్కల గురించే రాస్తున్నాను. ముఖ్యంగా ఒక చుక్క గురించి. దాన్ని ఎలా కొలవాలో నేనే నేర్పాను. నేర్పినట్టే ఆరు నెలలు రోజూ కొలిచారు. ఒక్కరోజు కూడా అది పాపకు అందలేదు. ఈ రాతంతా ఆ పాప ఎముకల గురించి. మిగతాది నా గొప్పలు.

బాపట్ల

మొదటి ఉద్యోగం బాపట్లలో, రంగారావు గారి దగ్గర. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. చేరిన రోజున నా చేతికి ఒక డ్రాపర్, గ్లాసుడు నీళ్ళు, గీతలున్న చిన్న గాజు గొట్టం ఇచ్చి అడిగారు.

"ఒక మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలోయ్?"

"ఇరవై సార్."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది సార్."

"పుస్తకం ఏ డ్రాపర్‌తో కొలిచిందీ?"

దీనికి కాలేజీలో సమాధానం చెప్పలేదు. ఆ పూటంతా కొలిచాను. నీళ్ళు, చక్కెర పాకం లాంటి సిరప్పు, నూనె మందు. నీళ్ళు దాదాపు ఇరవైకే వచ్చాయి. నూనె చుక్కలు చిన్నవి, ఇరవై దాటి ముప్పై దగ్గరికి పోయాయి. డ్రాపర్‌ను వంచి పట్టుకుంటే ఒక లెక్క, నిలువుగా పట్టుకుంటే ఇంకో లెక్క. ఇంకో సీసా డ్రాపర్ తెచ్చి దీంట్లో పెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. సాయంత్రానికి నాకు అర్థమైందేంటంటే, చుక్క అనేది కొలత కాదు, అది ఒక అభిప్రాయం. దాన్ని కొలతగా మార్చడానికి ఆ సీసా, ఆ డ్రాపర్, నిలువుగా పట్టుకున్న చెయ్యి, తొందరపడని వేళ్ళు కావాలి.

మీకిది అతిగా అనిపిస్తుంది. కౌంటరు దగ్గర నెల రోజులు నిలబడండి, అనిపించదు. మన జనానికి చుక్కల మందు అనగానే రెండు వేళ్ళు లేస్తాయి. పోలియో చుక్కల పుణ్యం అది. చీటీలో అర మిల్లీలీటరు అని ఉంటుంది, ఇంట్లో రెండు చుక్కలు పడుతుంటాయి. కర్లపాలెం నుంచి వచ్చిన ఒక తండ్రిని అడిగాను, "రెండు చుక్కలని ఎవరు చెప్పారండి?" అని. "ఎవరో చెప్పేదేంటండి, చుక్కలంటే రెండేగా!" అన్నాడాయన. మూడు చుక్కలు వేసేవాణ్ణి చూస్తే ఆయన పోలీసులకు చెప్పేలా ఉన్నాడు.

ఇంకొకాయన దీనికి పూర్తిగా ఎదురు. చీరాల వైపు నుంచి వచ్చిన మగ్గం నేతగాడు. మనవడికి పది చుక్కల చొప్పున వేస్తున్నాడు. ఒకరోజు ఖాళీ సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టి, "దీంట్లో మూడు చుక్కలు తగ్గాయండి" అన్నాడు.

"మొత్తం లెక్కపెట్టారా?" అన్నాను.

"పోగులు లెక్కపెట్టే చేతులు బాబూ ఇవి. చుక్కలు ఒక లెక్కా?"

నేను నవ్వబోయాను. లోపల్నుంచి రంగారావు గారు లేచొచ్చి, తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. గంటసేపు ఇద్దరూ నీళ్ళ చుక్కలు లెక్కపెట్టారు. చివరికి తేలిందేంటంటే, నేతగాడు డ్రాపర్‌ను కొంచెం వంచి పట్టుకుంటున్నాడు. "ఇంకనుంచి నిలువుగా" అని ఆయన ఒప్పుకున్నాడు. రంగారావు గారు ఆయనకు టీ తెప్పించారు. పక్కనే ఉన్నా నాకు తెప్పించలేదు. ఆ గంటసేపు షాపుకు వచ్చిన జనానికంతా నేనొక్కణ్ణే.

రంగారావు గారి దగ్గర అయిదేళ్ళు ఉన్నాను. బయటికి వచ్చేటప్పటికి ప్రపంచంలో నా అంత కచ్చితంగా చుక్క వేసేవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇలాంటి నమ్మకం కలిగిన రోజున జాగ్రత్తగా ఉండండి. నేను ఉండలేదు.

రేపల్లె

రేపల్లెలో వీరయ్య గారి షాపు. రంగారావు గారు ఒక ధ్రువమైతే ఈయన రెండోది. ఎవరు ఏ మందు తీసుకున్నా "కొంచెం పట్టండమ్మా" అనేవాడు. కొంచెం అంటే ఎంతండీ అని ఎవరైనా అడిగితే "మరీ ఎక్కువ కాకుండా" అనేవాడు. నా ఒళ్ళు మండిపోయేది.

ఆయనకు ఇంకో అలవాటుంది. సీసా చేతికి ఇచ్చేటప్పుడు తన నోరు పెద్దగా తెరిచి, చూపుడు వేలు లోపలికి చూపించి, "ఆఁ... ఇదిగో ఇక్కడ, నాలిక మీద" అనేవాడు. ప్రతి ఒక్కరికీ. ఆయన కొండనాలుక చూడనివాళ్ళు రేపల్లెలో లేరు. ఒకసారి గజ్జికి పూసుకునే ఆయింట్‌మెంటు ఇస్తూ కూడా అలవాటుగా నోరు తెరిచాడు. కొన్నాయన అనుమానంగా చూశాడు. వీరయ్య గారు నోరు మూసుకుని, "ఇది మాత్రం పైపైన" అన్నాడు.

నేనక్కడ మూడేళ్ళు పనిచేసి, ఈ మనిషి దగ్గర నేర్చుకోవడానికేమీ లేదని తీర్మానించుకుని తెనాలి వచ్చేశాను. ఆ తెరిచిన నోరు మాత్రం గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

తెనాలి

అంగలకుదురు నుంచి రత్తమ్మ గారు అనే పెద్దావిడ మా షాపుకు వచ్చేది. పొలం ఉన్న ఇల్లు, మాట గట్టి. కోడలు మౌనికకు తల్లి లేదు. అందుకని పురుడు అత్తగారే పోసింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లల డాక్టరు గారు చీటీ రాసిస్తే, బాలింతను ఇంట్లోనే ఉంచి ఆవిడే మందుకు వచ్చింది. చీటీలో ఉన్నది నూనెలో కలిపిన విటమిన్ డి. రోజుకు ఒక చుక్క.

ఒక్క చుక్క! నా జీవితం దీనికోసమే ఎదురుచూసినట్టు అనిపించింది. పది చుక్కల మందులో ఒకటి అటూ ఇటూ అయినా పెద్ద బాధ లేదు. ఒక్క చుక్క మందులో ఇంకో చుక్క పడితే రెట్టింపే. జనం నిలబడి ఉన్నారు, అయినా నేను తొందరపడలేదు.

"అమ్మా, ఇది ఎముకలు గట్టిపడటానికి" అన్నాను.

"ఊఁ."

"సీసాను ఇలా తలకిందులుగా, నిలువుగా పట్టుకోవాలండి. వంచకూడదు. నొక్కకూడదు. దానంతట అదే దిగుతుంది. కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి."

"ఊఁ."

"ఒకటంటే ఒకటే. రెండోది పడకముందే సీసా తిప్పేయాలి. రోజూ ఒకే టైముకి."

"స్నానం చేయించాక వెయ్యనా?"

"భేషుగ్గా వెయ్యండి."

ఆవిడ నా ముందే ఒకసారి చేసి చూపించింది, నా అరచేతిలో చుక్క వేసి. చెయ్యి వణకలేదు. రంగారావు గారు ఉంటే టీ తెప్పించేవారు. నేను జన్మ ధన్యమైనట్టు సీసా కవర్లో పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు పైకెళ్ళి నేను చెప్పినదంతా మళ్ళీ చదవండి. ఏం చెప్పలేదో మీకు తట్టిందేమో. నాకు ఆరు నెలలు పట్టింది.

ఏడో నెలలో ఒకరోజు పొద్దున రత్తమ్మ గారు, మౌనిక, పాప ముగ్గురూ వచ్చారు. కౌంటరు ముందు పన్నెండు మంది దాకా ఉన్నారు. రత్తమ్మ గారు అందరినీ పక్కకు తోసుకుని వచ్చి సీసాను ఠపీమని పెట్టింది.

"ఏంటి అబ్బాయ్, నీళ్ళమ్ముతున్నావా?"

"ఏమైందండి?"

"పాప మణికట్లు లావెక్కాయంట. మాడు ఇంకా ఇంత వెడల్పుంది. రక్తం తీసి చూస్తే నీ విటమిన్ అసల్లేదంట. డాక్టరు గారు నన్ను పట్టుకుని, చుక్కలు వేస్తున్నారా అని అడుగుతాడా! రోజూ వేశాను. పాపకు జొరమొచ్చిన రోజు కూడా మానలేదు."

 పాప మౌనిక భుజం మీద తల వాల్చి ఉంది. ఆ వయసు పిల్లలు మామూలుగా కౌంటరు మీద ఉన్నదల్లా లాగుతారు. ఈ పాప లాగడం లేదు. నేను మెల్లగా "మీరేమంటారమ్మా?" అన్నాను.

"అత్తయ్య గారు రోజూ వేస్తున్నారు అన్నయ్యా, నేను చూస్తూనే ఉన్నాను" అంది మౌనిక. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంట్లో నా పాలల్లోనే సత్తువ లేదంటున్నారు. మా ఆడపడుచు గారు ఫోన్లో చెప్పారు, పాలు మాన్పించి డబ్బా పాలు మొదలుపెట్టమని. రేపటి నుంచి మాన్పించేద్దామనుకుంటున్నారు."

అదీ పరిస్థితి. పాప ఎముకలు మెత్తబడుతున్నాయి, తల్లి పాలు రేపటితో బంద్. నా మందు నీళ్ళో కాదో ఇవాళ తేలాలి.

నేను సీసా తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఎన్ని రోజులైందో లెక్క వేశాను, నూనె చుక్కలు మిల్లీలీటరుకు ఎన్నో ఆ సీసాతో నాకు తెలుసు. మట్టం సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఒక చుక్క ఎక్కువ పోలేదు, తక్కువ పోలేదు. ఈవిడ ఆరు నెలలు రోజుకు ఒక్క చుక్క, నిలువుగా, అచ్చం నేను నేర్పినట్టు వేసింది. మందు సీసాలోంచి బయటికి వచ్చింది. పాపలోకి వెళ్ళలేదు. మధ్యలో ఎక్కడ దిగిపోయినట్టు?

మా ఓనరు గారు వెనకనుంచి నా చెవి దగ్గరకొచ్చి, "మందుల కంపెనీ మీద తోసెయ్" అన్నారు. ఆయన మంచి మనిషే. భయం వేసినప్పుడు ఇలా అంటారు.

"అమ్మా, ఎలా వేస్తున్నారో ఒక్కసారి చూపించండి" అన్నాను.

"నీకు చూపించాలా? నువ్వేగా నేర్పింది!" అని రత్తమ్మ గారు మౌనిక దగ్గర్నుంచి పాపను తీసుకుంది. కౌంటరు పక్కన ముసలివాళ్ళు కూర్చునే స్టూలు ఉంటే దాని మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. సీసా మూత తీసింది. తలకిందులు చేసింది. నిలువుగా పట్టుకుంది, గోడకు కొట్టిన మేకులాగా. కంటికి ఎదురుగా పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. జనం కూడా బిగబట్టారు. చుక్క మెల్లగా ఊరింది, గుండ్రంగా నిండింది, దిగింది.

పాప మాడు మీద.

రత్తమ్మ గారు సీసా తిప్పేసి, మూడు వేళ్ళతో ఆ చుక్కను నడినెత్తిన గుండ్రంగా రుద్ది, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అని, తల పైకెత్తి నావైపు చూసింది. "ఏంటి, తప్పేముందిందులో?"

 నా పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో అంత అందమైన చుక్క ఇంకెవరూ వేయలేదు. కొలత తప్పలేదు, కోణం తప్పలేదు, టైము తప్పలేదు.

"అమ్మా, అది... నోట్లో వెయ్యాలండి" అన్నాను.

"నోట్లోనా?"

"నోట్లోనండి."

"మరి చెప్పలేదేం?"

"విటమిన్ చుక్కలంటే నోట్లో అని వేరే చెప్పాలా అండి!"

"చెప్పాలి! ఆముదం నోట్లో పోస్తాం, మాడుకీ పెడతాం. నూనె చూపించి, ఎముకలు గట్టిపడటానికని నువ్వే అన్నావు. పసిపిల్లకు ఎముక గట్టిపడందెక్కడ? ఇక్కడ! స్నానమయ్యాక వెయ్యనా అంటే భేషుగ్గా అన్నావు. స్నానమయ్యాక మాడుకు కాక ఎక్కడ పెడతారు?"

  ఆవిడ వాదనలో ఒక్క లొసుగు లేదు. సీసా మీద చీమకాలంత ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది, నోటి ద్వారా అని. అది చదవాలంటే చీమ కావాలి.

అప్పుడు వరసలో ఉన్న ఒకావిడ, కవరు గుండెలకు హత్తుకుని, "అయితే నోట్లోనా అండి వేసేది?" అని అడిగింది.

అందరం ఆవిడవైపు తిరిగాం. "మేమూ మాడుకే" అంది చిన్నగా.

డాక్టరు గారి దగ్గర

నేను తప్పు ఒప్పుకున్నాను. నీతి కోసం ఒప్పుకున్నానని రాసుకోవాలని ఉంది గానీ, పన్నెండు మంది సాక్షులున్నారు. ఓనరు గారిని షాపులో నిలబెట్టి, వాళ్ళతో పాటు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. దారిలో రత్తమ్మ గారు ఆటోవాడికి కూడా ఈ కథ చెప్పింది. అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. ఆ చూపుకు విడిగా మీటరు లేదు.

డాక్టరు గారు మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను రోజుకు ఒక చుక్క అని రాశాను. ఎక్కడ వెయ్యాలో నేనూ రాయలేదు" అన్నారు.

ఇద్దరం ఒకరినొకరు మర్యాదగా చూసుకున్నాం. ఒకే కాలేజీలో తప్పిన ఇద్దరు మనుషుల్లాగా.

తర్వాత ఆయన పాపను చూసి, కొన్ని వారాలకు సరిపడే ఎక్కువ మోతాదు మందు రాశారు, కాల్షియం రాశారు, మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడో చెప్పారు. "త్వరగానే కనిపెట్టాం. కోలుకుంటుంది" అన్నారు. మౌనిక అలాగే నిలబడి ఉంది. ఆమె అడగలేని ప్రశ్న ఒకటుందని నాకు తెలుసు. నేనే అడిగాను. "సార్, తల్లిపాలు మాన్పించమంటున్నారు ఇంట్లో. పాలల్లో సత్తువ లేదని."

"ఎవరన్నారు? తల్లిపాలల్లో ఈ ఒక్క విటమిన్ ఎవరికైనా తక్కువే. మహారాణికైనా తక్కువే. అందుకేగా పుట్టిన పిల్లలందరికీ చుక్కలు రాసేది. పాలు ఆపొద్దు."

మౌనిక గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. రత్తమ్మ గారు అక్కడే ఫోను తీసి కూతురికి కలిపింది. "ఏమే, పాలకేమీ రోగం లేదంట. రోగం మెడికల్ షాపుకంట." అని పెట్టేసింది. డాక్టరు గారు నవ్వాపుకోలేక పక్కగదిలోకి వెళ్ళారు. నేను ఏ గదిలోకీ వెళ్ళలేకపోయాను.

ఫోన్లు

మర్నాటి నుంచి నేను ఆ మందు కొన్నవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. "బాగున్నారాండి, పాప బాగుందా, చుక్కలు ఎక్కడ వేస్తున్నారు?" చివరి ప్రశ్నకు చాలామంది కోప్పడ్డారు. "ఎక్కడేంటయ్యా, నోట్లో! నీకేమైనా అయిందా?" అన్నారు. అలా తిట్టినవాళ్ళందరికీ మనసులో దండం పెట్టుకున్నాను.

తిట్టనివాళ్ళే భయం. కాకుమాను వైపు ఒకరింట్లో బొడ్డులో వేస్తున్నారు, బొడ్డులోంచి ఒళ్ళంతా పాకుతుందని. ఇంకొకరు చెవిలో వేస్తున్నారు, అదీ ఒక చెవికి అన్యాయం జరగకుండా రోజు మార్చి రోజు. ఇద్దరూ సీసాను నిలువుగానే పట్టుకుంటున్నారు. అది మాత్రం నన్ను అడక్కుండానే గర్వంగా చెప్పారు.

ఆ రోజుల్లోనే నాకు వీరయ్య గారి నోరు గుర్తొచ్చింది. మూడేళ్ళు నేను వెక్కిరించిన నోరు. ఆయన దగ్గర ఎంత వేయాలో ఎవరికీ తెలిసేది కాదు, ఎక్కడ వేయాలో మాత్రం రేపల్లెలో పుట్టిన ప్రతి బిడ్డ తల్లికీ తెలుసు. నా దగ్గర అంతా తిరగేసి. మీరు ఆ ఇద్దరిలో ఎవరిలాగా ఉండాలని అడిగితే చెప్పడం తేలికే. రంగారావు గారి చెయ్యి, వీరయ్య గారి నోరు. రెండూ కలిసిన మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు. మీరే అయితే చెప్పండి, వచ్చి చూస్తాను.

అప్పటినుంచి నేను కూడా కౌంటరు దగ్గర నోరు తెరిచి చూపించడం మొదలుపెట్టాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. పంటి డాక్టరు ఒకాయన మందులకు వచ్చి, కింద దవడ పన్ను పుచ్చిందని చెప్పి వెళ్ళాడు. కొత్తవాళ్ళకు నా సలహా ఒకటే: చీటీ చదివి అంతా చెప్పాక, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఇంటికెళ్ళి ఏం చేస్తారు?" అని అడగండి. వాళ్ళు చేతులతో చేసి చూపించేదాకా సీసా వదలొద్దు. వెనక జనం విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆ విసుగు ఎవరి ఎముకల్లోకీ దిగదు.

పాప సంగతి అడుగుతారని తెలుసు. నాటకీయంగా ఏమీ జరగలేదు. చుక్క నోట్లో పడటం మొదలయ్యాక మూడో నెల పరీక్ష బాగుంది, మణికట్లు సర్దుకున్నాయి. ఏడాది దాటాక ఒకరోజు మౌనిక మా షాపుకు తీసుకొచ్చింది. పాప స్టూలు పట్టుకుని నిలబడింది, అక్కడినుంచి కౌంటరు అంచు అందుకుంది, దగ్గు బిళ్ళల డబ్బా లాగి కింద పడేసింది. అవి ఏరుతూ నేను కౌంటరు కింద కొంచెం ఎక్కువసేపే ఉన్నాను. బిళ్ళలు చాలా దూరం దొర్లాయి.

ఇవతలికి

ఎందుకు మానేశావని అడుగుతారు. మా మామగారికి రేపల్లెలో రంగుల షాపు ఉంది. చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. అక్కడా పని చుక్కలతోనే. తెల్ల రంగు డబ్బాలో మిషను చుక్కలు చుక్కలుగా రంగు కలుపుతుంది. చుక్క ఎక్కువైతే గోడ కొంచెం పచ్చగా ఉంటుంది, అంతే. గోడ తండ్రి ఏడవడు. తప్పు జరిగితే మర్నాడే కనిపిస్తుంది, ఆరు నెలలు దాక్కోదు. మీకు ధైర్యముంటే ఈ వృత్తిలో ఉండండి, గొప్ప పని. నాకున్న ధైర్యం పద్నాలుగేళ్ళకు సరిపోయింది.

తెనాలి షాపులో చివరి రోజు రత్తమ్మ గారు వచ్చింది. వెంట పాప, ఇప్పుడు యూకేజీ, ఒక్కచోట నిలబడదు. ఆవిడ చీటీ ఇచ్చింది. "కంట్లో ఒత్తిడి ఉందంట. నాకైతే నొప్పి లేదు, మంట లేదు. చుక్కలు రాశాడు."

నేను సిద్ధంగా ఉన్నాను. ఇలాంటి రోజు కోసమే ఇన్నేళ్ళూ నోరు తెరిచాను.

"అమ్మా, ఇది కంట్లో వెయ్యాలండి. కంట్లో." నా కింది రెప్ప లాగి చూపించాను. "ఇదిగో ఇక్కడ. తల వెనక్కి వంచి, సీసా మూతి కంటికి తగలకుండా, ఒకే ఒక్క చుక్క. పడుకోబోయే ముందు. తర్వాత రెండు నిమిషాలు కన్ను మూసుకోండి. ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఏం చేస్తారు?"

"తల వెనక్కి వంచుతా. రెప్ప లాగుతా. తగలకుండా ఒక్క చుక్క వేస్తా. కన్ను మూస్తా."

"భేష్!"

ఆవిడ కదలలేదు. నావైపే చూస్తూ నిలబడింది.

"ఏ కంట్లో?" అంది.

నేను చీటీ చూశాను. చీటీలో లేదు. తిప్పి చూశాను. వెనక కూడా లేదు. పాప నా మొహంలోకి ఆసక్తిగా చూస్తోంది. కంటి ఆసుపత్రికి ఫోను చేశాను. అక్కడి అమ్మాయి డాక్టరును అడిగి చెప్పింది. రెండు కళ్ళల్లోనూ.

పెన్ను తీసి పెట్టె మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాశాను: రెండు కళ్ళలో, ఒక్కొక్క చుక్క, పడుకునే ముందు. రత్తమ్మ గారు దూరంగా పట్టుకుని చదివి, మళ్ళీ నా ముందు పెట్టింది.

"కింద ఇంకోటి రాయి."

"ఏంటండి?"

"మాడుకు కాదు అని."

రాశాను. ఆ షాపులో నేను రాసిన ఆఖరి మాటలు అవే.